నువ్వుగింజంత లైటు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. గడియారాలు బాగుచేసేవాడికి ఇంత కోపమేమిటని కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు. ఉన్న ఓపికంతా గడియారాలకే అయిపోతుంది, మనుషుల దాకా వచ్చేసరికి ఏమీ మిగలదు. ఈ సంగతి అందరికంటే బాగా తెలిసినవాడు మా అన్న. నాకంటే ఏడేళ్లు పెద్ద. చిన్నప్పటి నుంచీ ఏదో ఒక మాట అని నన్ను రెచ్చగొట్టడం, నేను గొంతు చించుకుని అరుస్తుంటే చేతులు కట్టుకుని నవ్వుతూ వినడం ఆయనకు అలవాటు. అరవై దాటినా ఆ అలవాటు పోలేదు.

మెదక్ బస్టాండు దగ్గర నా దుకాణం. ఒక బల్ల, ఒక కుర్చీ, గోడ నిండా తలో టైము చూపించే గడియారాలు. ఇప్పుడు గడియారం బాగుచేయించుకునేవాళ్లే తక్కువ. సెల్లు వేయించుకుంటారు, బెల్టు మార్పించుకుంటారు, అంతలో నర్సాపూర్ బస్సు వచ్చిందంటూ పరుగెత్తుతారు. అలా చేతిలో పని లేని గంటల్లోనే పోయిన ఎండాకాలం నుంచి చలికాలం దాకా నేను మిలిటరీ బండికి లైట్లు చేశాను. నిజం బండికి కాదు. మా అన్న చేసిన జానెడు పొడవు బొమ్మబండికి.

అన్న మిలిటరీలో రికవరీ బండి నడిపాడు. బురదలో దిగబడ్డవాటిని, ఇసుకలో కూరుకుపోయినవాటిని, ఇంజన్ చెడి దారిలో నిలిచిపోయినవాటిని లాక్కొచ్చే బండి అది. వెనక చిన్న క్రేను, ముందర ఇనుప తాడు చుట్టిన డ్రమ్ము, కేబిన్ పైన గిర్రున తిరిగే నారింజ రంగు లైటు. మిగతా డ్రైవర్లు తమ బండి ఎంత జోరుగా పోతుందో చెప్పుకుంటారు. అన్న మాత్రం ఎప్పుడూ ఆ లైటు గురించే చెప్పేవాడు. ఒకసారి ఎడారిలో పట్టపగలే దుమ్ము లేచి ముందు బండి వెనక బండికి కనబడకుండా పోయిందట. అన్న పక్కకు తీసి ఆపి, లైటు వేసి కూర్చున్నాడట. వెనకాల లారీలు ఒక్కొక్కటే ఆ లైటును ఆనవాలు పట్టుకుని వచ్చి చేరాయట.

"ఎవ్వనికి దారి తెల్వది. అందరు నా లైటు దిక్కే చూసుకుంట వచ్చిన్రురా" అని ముగిస్తాడు. ఈ కథ నేను నలభైసార్లన్నా విని ఉంటాను. మొదట్లో ఆరు లారీలు ఉండేవి. మొన్న విన్నప్పుడు పదకొండు అయ్యాయి.

నౌకరీ అయిపోయి ఇంటికొచ్చాక, చేయడానికి ఇంకేమీ లేదని తేలాక, అన్న ఆ బండిని చిన్నగా చేయడం మొదలుపెట్టాడు. అలాంటిది బజారులో దొరకదు. ప్లాస్టిక్ షీట్లు కోసి, అయిపోయిన రీఫిళ్లు, పాత రేడియో తీగలు, మందుల డబ్బాల అట్టలు, చేతికి ఏది దొరికితే అది పెట్టి చేశాడు. నిజం బండిలో ముప్పై అయిదో వంతు. అక్కడ ముప్పై అయిదు అంగుళాలుంటే ఇక్కడ ఒక్క అంగుళం. ఆ లెక్క దగ్గర ఆయన దేవుణ్ణి కూడా నమ్మడు. తలుపు పిడిని సూదితో కొలిచి పెట్టాడు. వదిన అన్నం పెట్టి పిలిస్తే "ఆగు, టైరుకు నట్లు బిగిస్తున్న" అనేవాడు. ఆ నట్లు ఒక్కొక్కటి ఆవగింజలో సగం ఉంటుంది. వదిన ఒకరోజు ఊడ్చేటప్పుడు నాలుగు నట్లు చెత్తలో పోయాయి. ఆ రోజు ఇద్దరికీ మాటల్లేవు.

బండి దాదాపు పూర్తయ్యే వేళకు అన్న గుమ్మాలకు తగలడం మొదలుపెట్టాడు. పక్కన పెట్టిన చాయ్ గ్లాసు కనబడక తన్నేసేవాడు. హైదరాబాద్ తీసుకుపోయి చూపిస్తే కంటి ప్రెషర్ అన్నారు. నీటికాసులు. పక్కచూపు ముందు పోతుంది, నడిమి చూపు చివరికి పోతుంది, పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలి అని చెప్పి చుక్కల మందు రాశారు. తిరిగి వచ్చే బస్సులో అన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. కౌడిపల్లి దాటాక నా వైపు తిరిగాడు.

"అరే, బండంత అయింది. లైటొక్కటి మిగిలింది. గది నాతోని కాదు. నువ్వు చెయ్యి. కండ్లు ఉండంగనే గది ఒక్కపారి ఎలగాలె. నేను చూడాలె."

"నాకేం పని లేదనుకున్నవా?" అన్నాను. ఏడుపు వస్తే నాకు ఇలాంటి మాటలే వస్తాయి.

"ఉన్నదని తెలిసే చెప్తున్న" అన్నాడు అన్న, కిటికీ వైపు తిరిగి.

నిజం లైటు జానెడు ఎత్తు ఉంటుందట. ముప్పై అయిదో వంతంటే బియ్యపుగింజ పొడవు. అంతలోనే కింద దిమ్మ ఉండాలి, లోపల బల్బు ఉండాలి, పైన గుండ్రటి నారింజ మూత ఉండాలి. సామాను కోసం నేను ఎక్కడికీ పోలేదు. దిమ్మకు పాత చేతిగడియారం కీ సరిపోయింది. టైము సరిచేయడానికి వేళ్లతో తిప్పే చిన్న బొడిపె, చుట్టూ గీతలతో, దీని కోసమే పుట్టినట్టు కుదిరింది. చెడిపోయిన లైట్ల దండలోంచి నువ్వుగింజంత ఎల్ఈడీ ఒకటి ఊడదీశాను. దానికి కలపాల్సిన తీగ గోడగడియారం లోపల చుట్టలో ఉంటుంది. వెంట్రుక కంటే సన్నని రాగితీగ. ఫ్యాను బంద్ చేసి, ఊపిరి బిగబట్టి అతికించాలి. పై మూత కోసం గాజులా లోపలిది కనబడే బాల్‌పెన్ను గొట్టాన్ని కొవ్వొత్తి మీద కాచి, కొస గుండ్రంగా ముద్దకట్టగానే కోసి, అరగదీసి, టూత్‌పేస్టుతో రుద్ది మెరుగుపెట్టాను. గీతలు పడ్డ గడియారం అద్దాలను రుద్దేది కూడా దానితోనే. రంగులేని నెయిల్ పాలిష్‌లో నారింజ మార్కర్ పెన్ను సిరా కలిపి పూశాను. నెయిల్ పాలిష్ తెమ్మంటే మా ఇంట్లోవాళ్లు నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను.

లైటు తిరుగుతున్నట్టు వెలిగి ఆరడానికి గోడగడియారం సర్క్యూటే పెట్టాను. సెకను ముల్లును ఒక్కో అడుగు తోసే కరెంటుతోనే లైటు ఒక్కోసారి మెరుస్తుంది. ముల్లును తిప్పే చిన్న మోటారును మాత్రం పీకి డబ్బాలో పడేశాను. బొమ్మబండి లోపల టక్కు టక్కుమంటుంటే ఏం బాగుంటుంది? బిళ్లలాంటి మూడు వోల్టుల సెల్లు బండి పొట్టలో దాచాను. సెల్లు ఊరికే అయిపోకుండా, సెల్లుకూ రేకుకూ మధ్య సన్నటి కాగితం ముక్క పెట్టడం నా అలవాటు. గడియారం నడవాలంటే కాగితం లాగేయాలి. అన్న వాచీకి ఒకసారి అలా పెట్టి, తీయడం మరిచి ఇచ్చాను. ఆయన ఆగిపోయిన టైము చూసుకుంటూ, చేగుంటలో పెళ్లికి భోజనాలన్నీ అయిపోయాక చేరాడు. అది జరిగి పన్నెండేళ్లయినా ఇప్పటికీ ఎత్తిపొడుస్తాడు.

మొదటి లైటు బిగించిన బండిని ఒక ఆదివారం పొద్దున పట్టుకుపోయాను. అన్న బండిని ముక్కు దగ్గర పెట్టుకుని, తన వాచీ పక్కన పెట్టుకుని చూశాడు.

"రెండు సెకన్లకొకపారి ఎలుగుతుంది. గింత నిదానంగ తిరిగితే వెనక బండోడు వచ్చి గుద్దుతడు."

నిజమే. గడియారం సర్క్యూటులో కరెంటు ఒకసారి ఇటు పోతే, మరుసటి సెకను అటు పోతుంది. ఒక్క ఎల్ఈడీ ఒక వైపు పోయేదానికే వెలుగుతుంది. ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉండి నాకు తోచని తప్పు, డ్రైవరు పట్టుకున్నాడు. నేను ఒప్పుకోలేదు, అరిచాను, ఇంటికొచ్చి రెండో ఎల్ఈడీని ఎదురు తిప్పి కలిపాను. సెకనుకోసారి మెరిసింది.

రెండోది వానాకాలంలో తీసుకుపోతే రంగులో పసుపెక్కువై పచ్చగుందన్నాడు. మార్చాను. మూడోది తీసుకుపోతే ఎర్రగుందన్నాడు.

"పచ్చగ కాదు, ఎర్రగ కాదు, ఇంకేం కావాలె నీకు? నువ్వే కలుపుకో రంగు! నా దుకాణం బంద్ పెట్టి నీ ముంగట కూసోవాల్నా?"

"కూసో, ఎవరొద్దన్నరు?" అని చేతులు కట్టుకుని నవ్వాడు. వదిన లోపలి నుంచి వచ్చి నా చేతిలో చాయ్ పెట్టి, నా మొహం చూడకుండా వెళ్లిపోయింది. నా అరుపులకు నొచ్చుకుందనుకున్నాను.

నాలుగోదాని మీద మూడు వారాలు కూర్చున్నాను. చర్చికి క్రిస్మస్ లైట్లు కడుతున్న రోజులవి. పసుపు ఎంత, ఎరుపు ఎంత అని చుక్కలు లెక్కబెట్టి కలిపి, పదకొండు మూతలు పాడుచేసి, పన్నెండోది పెట్టాను. ఇది చూసి వంకపెడితే మళ్లీ ఆ ఇంటి గడప తొక్కనని ఒట్టు పెట్టుకుని పోయాను. వరండాలో ఎండ పడుతోంది. అన్న కుర్చీలో ఉన్నాడు. బండిని ఆయన చేతిలో పెట్టి ఎదురుగా నిలబడ్డాను. అన్న దాన్ని కండ్లకెదురుగా ఎత్తి, కాసేపు ఇటు తిప్పి, అటు తిప్పి చూశాడు.

"రంగు మంచిగ కుదిరింది" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. "కానీ జర తేజ్ తిరుగుతుంది."

తిట్టడానికి నోరు తెరిచాను. అప్పుడు కనబడింది. బండి పొట్ట కిందనుంచి తెల్లటి కాగితం కొస బయటికి వేలాడుతోంది. నేను దాన్ని లాగడం మరిచిపోయాను. లైటు వెలగడం లేదు. నేను వచ్చిన దగ్గర్నుంచీ ఒక్కసారి కూడా వెలగలేదు.

"జర తేజ్" అని మళ్లీ అన్నాడు అన్న, వెలగని లైటును చూస్తూ.

"సరే అన్నా. నిదానం చేస్త" అన్నాను. బండి తీసుకుని సంచిలో పెట్టుకున్నాను. చాయ్ తాగి పొమ్మంటే కూర్చుని తాగాను. ఏం మాట్లాడామో గుర్తులేదు.

గేటు దాకా వదిన వచ్చింది. "ఎప్పటి సంది?" అని అడిగాను. ఆమె వెనక్కి తిరిగి వరండా వైపు చూసి, గొంతు తగ్గించింది.

"నాలుగు నెలలాయె. నడిమి చూపు గూడ మసకైంది. పెద్దది, ముంగటనే ఉంటే కంటికి ఆనుతది. గసొంటి చిన్నది ఆనుతలేదు. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నడు. వాడు గంత కష్టపడి చేస్తుండు, నాకు అగుపడ్తలేదంటే వాని మనసు ఇరుగుతది అన్నడు."

నాలుగు నెలలంటే రెండో లైటు కంటే ముందు నుంచే. పచ్చగుంది, ఎర్రగుంది అన్నవన్నీ చూసి అన్నవి కావు. నేను ఆ మాటలు పట్టుకుని పదకొండు మూతలు పాడుచేశాను. దుకాణానికి వచ్చి, సెల్లు వేయించుకుందామని వచ్చినామెను రేపు రమ్మని కసిరి, షట్టరు సగం దించి కూర్చుని ఏడ్చాను. మా అన్నంటే నాకు ప్రాణం. ఈ మాట ఆయనతో ఎన్నడూ అనలేదు. అరవడం మాత్రం బాగా చేతనయింది.

ఏడుపు అయ్యాక మళ్లీ మొండితనం వచ్చింది. కండ్లు ఉండగానే చూడాలన్నాడు, చూపిస్తాను అనుకున్నాను. శనగగింజంత లైటు చేశాను. రెండు పెద్ద ఎల్ఈడీలు పెట్టాను. దుకాణంలో పట్టపగలు కూడా కండ్లు చెదిరేలా మెరిసింది. కాగితం తీసి, రెండుసార్లు చూసుకుని మరీ తీసుకుపోయాను. అన్న కండ్ల దాకా ఎత్తనే లేదు. బొటనవేలి గోరుతో కేబిన్ మీద తడిమి ఆగిపోయాడు.

"గిదేందిరా? బండి మీద లైటా, లైటు కింద బండా?"

"పెద్దగుంటే మంచిగ అగుపడ్తదని..."

"ఎవలకు?"

నేను బండి కోసం చెయ్యి చాపాను. ఆయన ఇవ్వకుండా గోరుతో మళ్లీ కొలిచాడు.

"ముప్పై అయిదో వంతంటే ముప్పై అయిదో వంతే. తీసెయ్" అన్నాడు. గొంతులో నవ్వు లేదు.

ఆ తర్వాత రెండు వారాలు నేను అటు పోలేదు. బండి నా బల్ల మీద లైటు లేకుండా ఉంది. పెద్దది పెడితే అన్న ఒప్పుకోడు, చిన్నది పెడితే అన్నకు కనబడదు. ఒక మధ్యాహ్నం తల నొప్పిగా ఉండి బల్ల మీద వాలి కండ్లు మూసుకున్నాను. గోడ మీద గడియారాలన్నీ తమ పని తాము చేసుకుంటున్నాయి. కాసేపటికి ఎందుకో లేచి, ఎడమవైపు మూడో గడియారం చేతిలోకి తీసుకుని సెల్లు మార్చాను. అంతకు ముందే దాని టక్కు ఆగిపోయింది. అప్పుడు నేను కండ్లు మూసుకునే ఉన్నాను, అయినా తెలిసింది. ముప్పై ఏళ్లుగా ఏది నడుస్తోందో ఏది ఆగిందో నాకు అలాగే తెలుస్తోంది. ఇంత తెలిసినవాణ్ణి, ముందుగా టక్కుమనేదాన్నే పీకి డబ్బాలో పడేశాను.

డబ్బా అంతా బల్ల మీద గుమ్మరించి ఆ చిన్న మోటారు వెతికాను. బండి పొట్టలో, ఇంజను ఉండాల్సిన చోట పెట్టి బిగించాను. పైన పన్నెండో మూత, బియ్యపుగింజంతదే, తిరిగి పెట్టాను. మోటారు ఒక్కో అడుగు వేసినప్పుడు లైటు ఒక్కోసారి మెరుస్తుంది. బండి ప్లాస్టిక్‌ది, లోపల డొల్ల, అందుకే టక్కుమనేది బయటికి గట్టిగానే వినిపించింది.

ఆదివారం పొద్దున పోయి, ఏమీ చెప్పకుండా బండిని అన్న చేతిలో పెట్టాను. వదిన గుమ్మంలో నిలబడింది. అన్న మొదట గోరుతో లైటును కొలిచాడు. సరిపోయింది. మొహం దగ్గరికి ఎత్తబోయి మధ్యలో ఆగాడు. తల కొంచెం పక్కకు వంచాడు. తర్వాత మెల్లగా బండిని కుడిచెవి దగ్గరికి తెచ్చుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడు.

"తిరుగుతుంది" అన్నాడు.

"ఆఁ."

"టక్కుమన్నప్పుడల్ల ఎలుగుతుందా?"

"ఎలుగుతుందన్నా. ఒక్కటి తప్పుతలేదు."

"మంచిగ చూసి చెప్పు. కాగితం తీసినవా?"

కాగితం సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. వదినకు కూడా చెప్పలేదు.

"నీకెట్ల తెలుసు?" అన్నాను.

"ఆ దినం నేను వంక పెడితే నువ్వు తిట్టలే. సరే అన్నా అన్నవు. పుట్టినకాంచి నువ్వు నాకు సరే అన్నది ఉన్నదా? గప్పుడే సమజైంది, లైటు ఎలుగుతలేదు, నేను దొరికిపోయిన అని. లైటెందుకు ఎలుగుతలేదంటే ఇంకేముంటది, నీ కాగితమే. చేగుంట పెండ్లి యాది లేదా?" అని, కాస్త ఆగి అన్నాడు, "నువ్వు తిట్టక నెల దాటిందిరా. మంచిగనిపిస్తలేదు."

అప్పుడు తిట్టాను. అగుపడకుండానే పచ్చగుందంటావా, ఎర్రగుందంటావా, పదకొండు మూతలు ఆగం చేయించావు కదా, అగుపడ్తలేదని తమ్మునితో ఒక్కమాట చెప్తే నీ మిలిటరీ ఇజ్జత్ పోతుందా, నేనేమన్నా పరాయివాణ్ణా అని గల్లీ అంతా వినేలా తిట్టాను. కండ్లలోంచి నీళ్లు కారుతున్నా ఆపకుండా తిట్టాను. ఒక చేతిలో బండి ఉండడంతో అన్నకు చేతులు కట్టుకోవడం కుదరలేదు. అలాగే నవ్వుతూ కూర్చుని, ఒక చెవితో నా తిట్లు, ఒక చెవితో తన లైటు వింటూ ఉన్నాడు.